టపా మనిషికి నేనిచ్చినవి

నాకు ముక్కు మీద కోపం. దీన్ని కొండల్లోకి ఇస్తే గాని చల్లబడదని మా అమ్మ పార్వతీపురంలో ఇరుగుపొరుగు వాళ్లందరితో అనేది. అన్నంత పనీ చేసింది. పాచిపెంట దాటి ఘాటీ ఎక్కాక, ఇంకా పైన, అరకు వైపు పోయే కాలిబాట మీదున్న ఒక ఊరి బడిపంతులికి నన్నిచ్చి చేసింది. మన్యంలో తెల్లదొరల మీద లేచిన పితూరీ అణిగిపోయినా పోలీసులు ఇంకా కొండలు దిగని రోజులవి. కాపురానికి వెళ్లిన కొద్ది రోజులకే నాకు తెలిసిపోయింది, అక్కడ కోప్పడడానికి కూడా మనుషులు దొరకరని.

మా ఇంటి ముందు పాక బడి. మా వీధి అరుగు పోస్టాఫీసు. పంతులుగారే పోస్టుమాస్టరు కూడా. ఒక చెక్కపెట్టె, ఒక ముద్ర, కాస్త లక్క, ఇదీ ఆఫీసు. ఆ పెట్టెలోనే జ్వరానికి క్వినైన్ పొట్లాలు ఉండేవి. అవును, ఆ రోజుల్లో క్వినైన్ పోస్టాఫీసులోనే అమ్మేవారు. దుకాణాల్లేని కొండల మీదికి ఏ వస్తువు రావాలన్నా టపా సంచిలోనే రావాలి కదా. కాగితంలో మడిచిన తెల్లటి పొడి, నాలిక మీద పడిందంటే మర్నాటి అన్నం కూడా చేదే. మన్యం జ్వరం పట్టిన వాడికి దాన్ని మించిన దిక్కు లేదు. కొనేది మాత్రం మైదానం నుంచి వచ్చిన వాళ్లే. పోలీసు జవాన్లు, ఫారెస్టు వాళ్లు, మేము. కొండవాళ్లు దాని జోలికి వచ్చేవారు కాదు.

ఘాటీ కింద నుంచి ఆ సంచి మోసుకొచ్చే మనిషిది మాకు కాస్త దిగువనున్న కొండగూడెం. వయసులో మా ఆయన కంటే బాగా పెద్ద. చేతిలో పొట్టి బల్లెం, దానికి గజ్జెలు. అడవి జంతువులు పక్కకి తప్పుకోవడానికని ఆ గజ్జెలు కట్టేవారు. వాటి చప్పుడు వంపు తిరిగి పైకి వస్తుంటే నేను పొయ్యి మీద కూర వదిలేసి అరుగు మీదికి వచ్చేసేదాన్ని. మా అమ్మకి రాయడం రాదు, మా తమ్ముడి చేత రాయించేది. ఆ వెధవ అమ్మ చెప్పిన దాంట్లో సగం మింగేసి, "ఇక్కడ అందరం క్షేమం" అని రాసి పంపేవాడు. ఆ నాలుగు ముక్కలకే నేను ఏడ్చేదాన్ని.

ఆ మనిషికి ఏదో ఒకటి పెట్టకుండా పంపితే నాకు తోచేది కాదు. ఎండల్లో మజ్జిగ, చలికాలం బెల్లం ముక్క, పండక్కి చుట్టల కట్ట, అప్పుడప్పుడు గుప్పెడు ఉప్పు. కొండల మీద ఉప్పంటే సామాన్యం కాదు. ఒక చలికాలం మా ఆయన గొంగడే ఇచ్చేశాను. రాత్రంతా వణికి, పొద్దున్నే అన్నాడాయన, "ఇంకోసారి ఇచ్చేటప్పుడు నన్నూ అందులో చుట్టి ఇచ్చేయవే, పీడా పోతుంది."

ఇచ్చింది ఏదైనా అతను రెండు చేతులూ పట్టి అందుకునేవాడు. మజ్జిగైతే తాగేవాడు. మిగతావి నా ఎదుట నోట్లో పెట్టుకునేవాడు కాదు, పంచె కొంగున కట్టుకుని పోయేవాడు. మర్నాడో ఆ మర్నాడో సంచితో పాటు నాకు ఏదో ఒకటి తెచ్చేవాడు. పిప్పళ్లు, అడవి పసుపు కొమ్ములు, అడ్డాకుల కట్ట, దొప్పలో తేనె. నాకు ఒళ్లు మండేది.

"నేనేం బేరానికి పెట్టానా నీకు? ఎందుకివన్నీ?" అనేదాన్ని.

"ఒట్టి సేతుల్తో ఎలా వొత్తానమ్మా? నువ్వెట్టినావు, నానెట్టినాను. అంతే గదా," అని నవ్వేవాడు. చుట్ట నిప్పు నోటి లోపలికి పెట్టుకుని మరీ నవ్వేవాడు. కాలుతుందేమోనని నేను హడలిపోయేదాన్ని.

ఒక ఏడు మామిళ్లు తొలికాపు కాయగానే మా అమ్మ బుట్ట నిండా పచ్చికాయలు పార్సెల్ చేసింది. ఆ బుట్టంతా ఘాటీ మీదుగా అతనే మోసుకొచ్చాడు. అంత బరువు మోసిన వాడికి కాయలు ఇవ్వకపోతే ఎలాగని మంచివి ఏరి నాలుగు చేతిలో పెట్టాను. కళ్లకద్దుకుని తీసుకెళ్లాడు. కొన్నాళ్లకి అడ్డాకుల కోసం వాళ్ల గూడెం వెళ్తే, అతని ఇంటి చూరుకి ఆ నాలుగు కాయలూ తాడు కట్టి వేలాడుతున్నాయి. వడిలి, ముడతలు పడి ఉన్నాయి. కింద అతని కూతురు, చిన్నపిల్ల, తల ఎత్తి వాటిని చూస్తూ కూర్చుంది.

నా కోపం సంగతి చెప్పానుగా. అతని పెళ్లాన్ని పట్టుకుని కడిగేశాను. "తినడం ఇష్టం లేకపోతే వద్దనాలి. చంటిదాని నోటికైనా అందించాలి. ఇలా ఎండబెట్టుకోవడానికా నేనిచ్చింది?"

ఆమె చేటలో సామలు చెరుగుతోంది. చెయ్యి ఆపి నా వంక జాలిగా చూసింది. "అయ్యో తల్లీ, కొత్త అవ్వకండా ఎలా తింతామమ్మా? ముందు దేముడికెట్టాల. మా పెద్దలకెట్టాల. ఊరోలందరూ ఒక్కపాలి తినాల. ముందుగాల ఎవులైనా నోట్లో ఎట్టీసుకుంటే ఊరికే సెరుపు గదా."

అప్పుడు తెలిసింది నాకు, కొత్త అంటే వాళ్ల పండగని. మామిడికి ఒక కొత్త, చిక్కుడుకి ఒక కొత్త, సామలకి ఒక కొత్త. ఏది కొత్తగా వచ్చినా, దిసారి అనే వాళ్ల పూజారి రోజు చూసి చెప్పి, దేవుడి ముందు పెట్టి, ఊరందరికీ తలో కాస్త పంచే దాకా ఎవరూ ముట్టరు. ఎంత ఆకలేసినా ముట్టరు. నిజం చెప్పొద్దూ, నాకు ఆ పద్ధతి నచ్చింది. మా ఇళ్లల్లో మొదటి కాయ ఎవడి కంట పడితే వాడి నోట్లోకే పోతుంది. ఆ తర్వాత మామిడి కొత్త అయిన మర్నాడు ఆ పిల్ల టెంక చప్పరించుకుంటూ వాళ్ల నాన్న వెనకాలే మా అరుగు దాకా వచ్చింది. మూతి నిండా రసమే.

ఆ ఏడు వానలు ఆషాఢంలో పట్టుకుని విడవలేదు. వానతో పాటే జ్వరాలు. మా బడిలో పిల్లలు సగానికి సగం రావడం మానేశారు. శ్రావణంలో ఒక రోజు గజ్జెల చప్పుడు తేడాగా వినిపించింది. కాసేపు వినిపించి ఆగిపోతోంది, మళ్లీ వినిపిస్తోంది. వచ్చి సంచి దించి, అరుగు స్తంభానికి జారగిలబడి కూలబడిపోయాడు. పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి.

"జ్వరం వచ్చింది నీకు," అన్నాను.

"జొరం కాదమ్మా. సలి. వానకి తడిసినాను గదా."

"చలికి కళ్లు పచ్చబడతాయా? ఎవరికి చెప్తావు కబుర్లు!"

ఇంటికి పోయి పడుకోమన్నాడు మా ఆయన. పడుకుంటే సంచి ఎవరు మోస్తారు, ఇంకొకడు మోస్తే పని వాడిదైపోతుంది, ఆ సంగతి మా ఆయనకీ తెలుసు. నేను చెక్కపెట్టె తెరిపించాను. మా ఇంటికని కొనిపెట్టుకున్న పొట్లాలు కొన్ని తీసి అతని చేతిలో పోశాను. మజ్జిగ కంటే, బెల్లం కంటే, గొంగడి కంటే పెద్ద వస్తువు ఇస్తున్నానని నాకు తెలుసు. అతనికీ తెలుసు. ఏడాదంతా ఆ పొట్లాలు మోసుకొచ్చేది అతనే, ఒక్కటీ రుచి చూసిన పాపాన పోలేదు.

"రోజుకొకటి, పొద్దున్నే, నీళ్లతో. చేదని ఉమ్మేశావో, ఊరుకోను," అన్నాను.

పొట్లాల్ని కళ్లకద్దుకున్నాడు. కాసేపు వాటినే చూసి అడిగాడు, "మావోలు ఎవులైనా తిన్నారా అమ్మా ఇది?"

"మీ వాళ్ల సంగతి నాకేం తెలుసు నాయనా? మేమంతా తింటాం. చావకుండా ఉన్నాం కదా. తిను."

"అలాగేనమ్మా," అన్నాడు. పొట్లాలు తడవకుండా అడ్డాకులో చుట్టి మొలకి కట్టుకున్నాడు.

ఆ నెలంతా నేనతనికి ఇచ్చినవి అవే. వచ్చినప్పుడల్లా ఒకటో రెండో. అతను ఊరికే తీసుకోలేదు. జ్వరంతో ఒణుకుతూనే నాకు వెదురుకొమ్ములు తెచ్చాడు, పుట్టగొడుగులు తెచ్చాడు. ఒక్కోసారి సంచి దించాక లేవలేకపోయేవాడు. బుగ్గలు లోపలికి పోయాయి, చుట్ట మానేశాడు. మందు పనిచేయడం లేదేమోనని నాకు భయం పట్టుకుంది. తగ్గుతోందా అని అడిగితే, "బేగే తగ్గిపోతాదమ్మా," అనేవాడు. పంతులుగారు సాలూరు పోస్టాఫీసుకి రాశారు, ఈ పొడి పాతబడిపోయిందేమో, వేరేది పంపమని. ఆ ఉత్తరం కూడా అతనే మోసుకుపోయాడు.

భాద్రపదంలో ఒక రోజు మధ్యాహ్నం అయినా గజ్జెలు వినిపించలేదు. మర్నాడు వినిపించాయి. పరుగెత్తుకుని బయటికి వచ్చాను. అదే బల్లెం, అదే సంచి, మనిషి వేరు. కింది ఊరివాడు, గుంటడు అనదగ్గ వయసు. "ఆయన పోనాడమ్మా," అన్నాడు. అంతే. సంచి దించి నుదుటి మీద నీళ్లు తుడుచుకున్నాడు.

నేనూ మా ఆయనా వాళ్ల గూడెం వెళ్లేసరికి దహనం అయిపోయింది. వానకి కట్టెలు సరిగ్గా కాలక ఊరంతా పొగ. అతని పెళ్లాం గుమ్మంలో కూర్చుంది. లోపల, పొయ్యి పక్కన, నేనిచ్చిన గొంగడిలో పిల్ల పడుకుని ఉంది. ముట్టుకుని చూశాను. కాలిపోతోంది.

"ఎప్పట్నుంచి?" అన్నాను.

"ఆళ్ల నాయనకి వొచ్చిన కాడ్నించి వొత్తున్నాది, పోతున్నాది."

"మందు ఇచ్చాను కదా మీ ఆయనకి. మిగిలిందా?"

ఆమె లేచి, అటక మీద విత్తనాలు దాచుకునే ఆనపబుర్రల్లోంచి ఒకటి దించింది. మూతికి కుక్కిన ఆకులు తీసింది. లోపల పొట్లాలు. మిగిలినవి కాదు, నేనిచ్చినవన్నీ. ఒక్కటి కూడా విప్పలేదు. మొదటి రోజు ఇచ్చినవి అదే అడ్డాకులో అలాగే ఉన్నాయి.

"కొత్తకి అట్టిపెట్టినాడమ్మా," అంది ఆమె. "మా ఊర్లో ఎవులూ తిన్నేదు గదా ఇది. సామ కొత్తకి దేముడికెట్టీసి, అందరికీ పంచుదాం, అందరికీ జొరాలున్నాయి గదా అన్నాడు. పంతులమ్మ మనకింత పెట్టినాది, నానొక్కణ్నే ఎలా తింతాను అన్నాడు."

ఎప్పటిలాగే అరవబోయాను. ఎవరి మీద అరవాలి? అతను వెధవ పని ఏదీ చేయలేదు. దాచుకోలేదు, అమ్ముకోలేదు, పారేయలేదు. నేనూ తప్పు చేయలేదు, ఎవరేమన్నా ఒప్పుకోను. చేతిలో మందు పెట్టాను, తినమన్నాను. ఎవరి తప్పూ లేకుండానే ఒక మనిషి పోయాడు. అది నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

కాస్త తేరుకున్నాక పిల్ల గుర్తొచ్చింది. పొట్లం విప్పబోయాను. ఆమె నా చేతి మీద చెయ్యి వేసింది. గట్టిగా ఏం కాదు, ఊరికే వేసింది.

"కొత్త అవనీయమ్మా."

"అయ్యే దాకా ఈ పిల్ల ఉండాలి కదే! మీ ఆయన పోయింది చాలలేదా? ఇప్పుడే, బేగి వేసేయాలి!"

"ఆయన సావుబతుకుల్లో ఉండి తిన్నేదు. ఇప్పుడు మేం ముందు తినీసి ఊరికి సెరుపు సేత్తే, ఆయన మాటేటవుద్ది?" అంది. ఏడవలేదు. నాకే ఏడుపొచ్చింది.

దిసారి దగ్గరికి పోదామన్నాను. మా ఆయన "పోనీ, పోనీ" అంటూనే వెంట వచ్చాడు. ముసలాయన చూరు కింద వాన చూస్తూ కూర్చున్నాడు. చెప్పిందంతా విన్నాడు. పండగ ముందుకి జరపమని బతిమాలాను. కాళ్లు పట్టుకోమంటే పట్టుకునేదాన్నే. ఆయన లేచి, నన్ను పొలం గట్టు దాకా తీసుకెళ్లి, ఒక సామ ఎన్ను తుంచి నా అరచేతిలో నలిపాడు. పాలు కారాయి.

"సూడమ్మా. గింజ కట్టనేదు. ఎండే నేదు గదా. పంట రాకండా దేముడికి ఏటెట్టమంతావు?" అన్నాడు. ఆయన గొంతులోనూ జ్వరం ఉంది.

ఆ వానలో తడిసి ఇంటికొచ్చి నేనూ మంచం ఎక్కాను. ఎన్నాళ్లు పడుకున్నానో నాకు తెలియదు. గోడలు నా మీదికి వచ్చేవి, మా అమ్మ పక్కనే కూర్చుని తిట్టేది. మా ఆయన నా దవడలు నొక్కి చేదుపొడి పోసేవాడు. లేచి కూర్చునే వేళకి చెక్కపెట్టె ఖాళీ. ఉన్నదంతా నాకూ, ఠాణాలో పడున్న జవాన్లకీ అయిపోయింది. కొత్తగా రావడానికి దారి లేదు, ఘాటీలో కొండచరియ విరిగి పడింది. టపా మోసే ఆ కొత్త కుర్రాడు కూడా జ్వరమొచ్చి వాళ్ల ఊరు పోయాడు. మరొకడు ఎక్కడానికి ఒప్పుకోవడం లేదట. నేను మాత్రం బతికాను. నన్ను బతికించిన మందు ఆ పోయిన మనిషి వీపు మీద వచ్చిందే.

వాన వెలిసింది. ఎండ కాసింది. సామలు పండాయి. దిసారి రోజు చెప్పాడని కబురొస్తే, మా ఆయన వద్దంటున్నా కర్ర పట్టుకుని వెళ్లాను, ఆయనా వెంట వచ్చాడు.

ఊరంతా వచ్చింది. అంటే మిగిలిన ఊరు. దేవుడి రాళ్ల దగ్గర కొత్త సామల అన్నం విస్తరాకుల్లో పెట్టారు. ఆ పక్కనే ఒక ఆకులో పొట్లాలన్నీ విప్పి పోసిన తెల్లటి పొడి. దిసారి ఏవో మాటలు చదివి, పోయిన పెద్దలకి తీసి పెట్టాడు. టపా మనిషి పేరు కూడా చెప్పి, అతని వాటా, ఇంత అన్నం, చిటికెడు పొడి, రాయి మీద పెట్టాడు. అందరికంటే ముందు అతనే తిన్నట్టయింది.

తర్వాత పంపకం. ఒక్కొక్కరికీ ఒక చిటికె. ముసలివాళ్లకీ చిటికే, చంకలో పిల్లలకీ చిటికే. నేను దిసారిని అడిగాను, ఆ తండ్రిలేని పిల్లకి కాస్త ఎక్కువ వేయమని. "అందరికీ ఒకటేనమ్మా," అన్నాడు, తప్పుగా అడిగినదాన్ని చూసినట్టు కాదు, తెలియక అడిగినదాన్ని చూసినట్టు. అందరూ మొహాలు వికారంగా పెట్టి, ఒకళ్లనొకళ్లు చూసుకుని నవ్వారు. ఆ చిటికెతో ఎవరి జ్వరమూ తగ్గదని అక్కడ తెలిసినవాళ్లం నేనూ మా ఆయనా. నాకూ వేశారు. నా చిటికె పిల్లకి పెట్టబోతే దాని తల్లి ఒప్పుకోలేదు. "నీ వాటా నువ్వే తినాలమ్మా," అంది. తిన్నాను.

పిల్లని గొంగడితో సహా ఒళ్లో పెట్టుకుని కూర్చుంది ఆమె. ఆ మనిషి పోయిన తర్వాత మొదటిసారి ఆమె మొహం తేటపడింది.

"ఇంకేటి బయం నేదమ్మా," అంది నా చెయ్యి పట్టుకుని. "కొత్త అయిపోనాది. ఇప్పుడు మా గుంట ఎంతైనా తినొచ్చు. నీ కాడ పెట్టెడు ఉన్నాది గదా. నువ్వెంతిత్తే అంత ఎడతాను."

మా ఆయన అటు తిరిగి నిలబడ్డాడు. నేను ఘాటీ వైపు చూశాను. దారి ఇంకా పడలేదు, అక్కణ్నుంచి గజ్జెల చప్పుడు లేదు. ఆమె కూతురికి నన్ను చూపించి, "అమ్మ ఎడతాదే, నోరు తెరు," అంది.

పిల్ల చేదుకి ఇంకా మూతి ముడుచుకునే ఉంది. తల్లి చెప్పింది కదాని, నా వైపు తిరిగి నోరు తెరిచింది.